మూడడుగుల నాలుగంగుళాల నీళ్ళు

1987 జూన్ 1, సోమవారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు నా ఉద్యోగం మొదలైంది. రమ్మన్నది ఏడున్నరకు. పది నిమిషాలు ముందే వెళ్ళాను. నారాయణగూడలో మా బాప్టిస్టు మందిరం గేటు తీసే ఉంది. లోపల, వేదిక వెనక, నీళ్ళు లేని సిమెంటు తొట్టిలో ఒక పెద్దావిడ మోకాళ్ళ మీద కూర్చుని కొబ్బరి పీచుతో మెట్లు రుద్దుతోంది. ఆమె సారమ్మగారు, నాకు పని నేర్పాల్సిన మనిషి. నేను వందనాలు చెప్పేలోపే, "చెప్పులు ఇడిచి దిగు. పాచి ఏడుందో కాళ్ళకే ఎర్కయితది, కండ్లకు కాదు," అంది.

నా ఉద్యోగం పేరు స్త్రీల సేవకురాలు. బైబిలు పాఠశాలలో రెండేళ్ళు చదివి చేరాను. ముప్పై అయిదేళ్ళు చేసి 2022 మే 31న దిగిపోయాను. ఈ ఏడాది అదే పనిలో చేరబోతున్న ఇద్దరు అమ్మాయిలు చిక్కడపల్లిలో మా ఇంటికొచ్చి, "టీచరమ్మా, అసలు ఏం పనుంటది?" అని అడిగారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఏ కమిటీలో ఉన్నాను, ఏ శాలువా కప్పారు అన్నవి రాయను.

తొట్టి

ఇళ్ళకు వెళ్ళడం, రోగుల దగ్గర కూర్చోవడం, చనిపోయిన స్త్రీలకు స్నానం చేయించి చీర కట్టడం, బాప్తిస్మానికి సిద్ధపడేవాళ్ళకు పన్నెండు వారాల తరగతి చెప్పడం, ఇవన్నీ పనిలోవే. కానీ నన్ను నిలబెట్టిన పని తొట్టి.

మా సంఘంలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వం. బుద్ధి తెలిసి, నమ్మి, తనంతట తాను అడిగిన మనిషికే ఇస్తాం. నిండా ముంచి ఇస్తాం. కాబట్టి తొట్టి కావాలి. మా తొట్టి తొమ్మిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. నీళ్ళు మూడడుగుల నాలుగంగుళాలు ఉండాలి. తక్కువైతే ముంచే అయ్యగారి, అంటే మా పాస్టరుగారి, నడుం విరుగుతుంది. ఎక్కువైతే పొట్టివాళ్ళు భయపడతారు. ఆ లెక్కకు అయిదు వేల లీటర్ల ట్యాంకరు ఒకటి, పైన ఏడు బిందెలు. కొలబద్ద నాదే. గోడ మీద గీత ఉన్నా ప్రతిసారీ కొలిచేదాన్ని.

బట్టలది ఇంకో సమస్య. వదులు బట్ట వేసుకుని నీళ్ళలోకి దిగితే గాలి పట్టి పైకి తేలుతుంది. నిండు మందిరం ముందు ఆడమనిషికి అంతకన్నా అవమానం లేదు. అందుకని తెల్ల గౌన్ల అంచుల్లో చేపల వలకు కట్టే సీసపు గుళ్ళు కుట్టించేవాళ్ళం, గౌనుకు పన్నెండు. నా చేతుల మీదుగా ఆ నీళ్ళలోకి దిగిన స్త్రీలు నాలుగు వందల పన్నెండు మంది. ఒక్కరూ జారలేదు. ఒక్కరి బట్టా తేలలేదు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

రెండు సంఘాలు

అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన, మూడో అంతస్తులో, పెంతెకొస్తు సంఘం ఒకటి ఉంది. మాకు వాళ్ళకు నడక దూరం. చాలా ఏళ్ళు మేం వాళ్ళను "గోల సంఘం" అన్నాం. వాళ్ళు మమ్మల్ని "చల్లారిన సంఘం" అన్నారు. కొత్తగా చేరేవాళ్ళు రెండు మాటలూ వింటారు. అందుకని నాకు తెలిసినంత చెబుతాను.

పునాది ఒకటే. వాళ్ళూ పసిపిల్లలకు ఇవ్వరు, వాళ్ళూ నిండా ముంచుతారు. చిన్నప్పుడు నుదుట నీళ్ళు చల్లించుకున్నవాళ్ళు ఎవరు వచ్చినా, రెండు చోట్లా మళ్ళీ నీళ్ళలోకి దిగమనే అంటారు. కానీ మా తొట్టిలో మునిగినవాళ్ళను వాళ్ళు మళ్ళీ ముంచరు, వాళ్ళ దగ్గర మునిగినవాళ్ళను మేమూ ముంచం.

తేడా నీళ్ళలోంచి పైకి వచ్చాక మొదలవుతుంది. మాకు అక్కడితో ఆ ఘట్టం పూర్తయింది. వాళ్ళు ఆ తర్వాత పరిశుద్ధాత్మ అభిషేకం కోసం కనిపెట్టుకుని ఉంటారు. అది వచ్చిందనడానికి గుర్తు అన్యభాషల్లో, అంటే ఎవరూ నేర్పని, ఆత్మ పలికించే భాషలో, మాట్లాడటం అంటారు. మేం అలా అనం. మా దగ్గర ఏదైనా సంఘ కూటంలో చేతులెత్తి తేలుస్తాం. వాళ్ళ దగ్గర పాస్టరుగారి మాటే మాట. మేం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం, నెలకోసారి మొదటి ఆదివారం తీసుకుంటాం. వాళ్ళు ప్రతి ఆదివారం తీసుకుంటారు. రక్షణ ఒకసారి వస్తే పోదని మేం, జాగ్రత్తపడకపోతే పోతుందని వాళ్ళు. వాళ్ళ స్త్రీలు గాజులు, గొలుసులు తీసేస్తారు. మావాళ్ళు పెళ్ళి ఆరాధనకు వస్తే లాకరు నడిచి వచ్చినట్టుంటుంది. ఈ ఒక్క విషయంలో నా ఓటు వాళ్ళకే.

జబ్బు చేస్తే ప్రార్థన చాలు, మందులొద్దు అనే బోధకులు కొందరున్నారు. వాళ్ళతో నేను ముఖాముఖి గొడవపడ్డాను, ఇప్పుడైనా పడతాను. అశోక్‌నగర్ వాళ్ళు అలాంటివాళ్ళు కారు. అక్కడి పాస్టరుగారి భార్య శాంతమ్మగారిది గోదావరి వైపు. ఒకసారి ఆమెను నిలదీస్తే, కొంగుముడిలోంచి బీపీ మాత్రల షీటు తీసి చూపించింది. "ప్రార్థనా చేస్తామండీ, మాత్రా వేసుకుంటామండీ. దేవుడికి రెండూ తెలుసు కదా!"

అన్నిటికన్నా పెద్ద తేడా ప్రార్థన చేసే పద్ధతి. మా దగ్గర ఒకరు లేచి ప్రార్థిస్తారు, మిగతావాళ్ళు నిశ్శబ్దంగా విని చివర ఆమేన్ అంటారు. వాళ్ళ దగ్గర అందరూ ఒకేసారి గొంతెత్తి ఎవరి ప్రార్థన వాళ్ళు చేస్తారు. ఇరవై ఆరేళ్ళు దాన్ని క్రమం లేకపోవడం అనుకున్నాను.

కరుణ

మా సంఘంలో ఎస్తేరమ్మ అనే ఆమె ఉండేది. నారాయణగూడలో ఒక బడిలో ఆయా. భర్త లేడు. ఒక్కతే కూతురు, కరుణ. చిక్కడపల్లిలో జాకెట్లు కుట్టే దుకాణంలో పనిచేసేది. నిశ్శబ్దంగా, నీటుగా ఉండే పిల్ల. మాట మాత్రం తడబడేది. మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసేది. ఒక్క మాట బయటికి రావడానికి మెడ నరాలు ఉబ్బేవి.

ఎస్తేరమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. 2011 సంక్రాంతి సెలవుల్లో నన్ను పిలిచి, "టీచరమ్మా, నేనెన్నొద్దులుంటనో ఎర్కలేదు. నా బిడ్డతోని ఒక్కపారి బల్ల దగ్గర కూసోవాలె. గంతే," అంది. బాప్తిస్మం లేనివాళ్ళకు మా బల్లలో పాలు లేదు. నెలనెలా రొట్టె పళ్ళెం వచ్చినప్పుడు తల్లి తీసుకునేది, కూతురు ముట్టకుండా పక్కవాళ్ళకు అందించేది.

కరుణ నా తరగతిలో చేరింది. పన్నెండు వారాల్లో ఒక్కరోజు మానలేదు. తరగతి అయ్యాక సంఘ కూటం ముందు నిలబడి తన సాక్ష్యం తానే చెప్పాలి. ఎలా నమ్మిందో, ఎందుకు నమ్మిందో. విన్నాక సంఘం చేతులెత్తుతుంది. మా దగ్గర బాప్తిస్మం ఏటా ఈస్టరుకే. దానికి ముందు వారం కరుణ మైకు ముందు నిలబడింది. "నా పే... పే... పే..." దగ్గర ఆగిపోయింది. నేను గడియారం చూశాను, మూడు నిమిషాల నలభై సెకన్లు. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. మందిరం వ్యవహారాలు చూసే డీకన్ ప్రకాశంగారు లేచి మెత్తగా, "కూసో బిడ్డా, వచ్చే ఏడు చూద్దాం," అన్నారు. ఆయన నావైపు చూస్తే నేనూ తల ఊపాను.

రెండో ఏడు కరుణ ఒక కాగితం తెచ్చింది. రెండు వైపులా రాసి, నాలుగు మడతలు పెట్టి. "టీ... టీచరమ్మా, మీ... మీరు సదువుండ్రి." నేను మడత విప్పకుండానే తిరిగిచ్చాను. నోటితో ఒప్పుకోవాలన్నది మా నియమం. ఎవరో రాసిచ్చింది తెచ్చి చదివితే ఎలా అని ఒకప్పుడు నేనే కూటంలో వాదించి, కాగితాలు వద్దని తీర్మానం చేయించాను. నేను చేయించిన నియమం నేనే ఎలా తప్పను అనుకున్నాను.

మూడో ఏడు ఎస్తేరమ్మ తానే వచ్చింది. అప్పటికే కాళ్ళు వాచాయి. "నేను పక్కన నిలబడి చెప్త టీచరమ్మా. దాని మనసుల ఏమున్నదో నాకెర్కనే గదా."

నేను అన్న మాట ఇది: "తల్లి నోటితోని బిడ్డకు బాప్తిస్మమిస్తే, పసిపిల్లలకు నీళ్ళు చల్లేటోళ్ళకు మనకు ఫరకేంది ఎస్తేరమ్మా?"

బాప్టిస్టు మనిషి తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది. నమ్మకం ఎవరిది వాళ్ళదే కావాలన్న మా సిద్ధాంతాన్ని అంత గట్టిగా పట్టుకున్నాను కాబట్టే, నమ్మకం నిండుగా ఉన్న పిల్ల ఎదురుగా నిలబడినా చూడలేకపోయాను. ఎస్తేరమ్మ వెనక్కి తిరిగింది. గోడ పట్టుకుని మెట్లు దిగింది.

ఇరవై రెండు మెట్లు

2013 జూన్‌లో కరుణ మా మందిరానికి రావడం మానేసింది. అశోక్‌నగర్ పోతోందని తెలిసింది. తిరిగి తీసుకురావడం నా బాధ్యత అనుకున్నాను. నెలాఖరు ఆదివారం మా ఆరాధన పదకొండుంబావుకు అయితే, పదకొండు నలభైకి ఆ కోచింగ్ సెంటర్ దగ్గరున్నాను. రెండో అంతస్తు వరకు లిఫ్టు. అక్కడినుంచి ఇరవై రెండు మెట్లు. మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్న ఒక అమ్మాయి, "ఆంటీ, లోపలికే పోతున్నరా? జర మెల్లగ ప్రార్థన చెయ్యమనండి. నాకు వచ్చే ఆదివారం గ్రూప్స్ పరీక్ష. మీ దేవునికి చెవులు మంచిగనే ఉంటయి గదా!" అంది.

చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఎనభై మందికి పైగా ఉన్నారు. తెల్ల చీరలు, ఎత్తిన చేతులు. అందరూ ఒకేసారి ప్రార్థిస్తున్నారు. ఏదీ అర్థం కాని హోరు. కాసేపటికి చెవి అలవాటు పడి ఒక్కొక్క గొంతూ విడిపోసాగింది. గుమ్మానికి దగ్గర్లో ఒక ఆడపిల్ల గొంతు, తేటగా, ఎక్కడా ఆగకుండా వినిపిస్తోంది.

"అయ్యా, మా అమ్మ కాళ్ళ వాపు తగ్గియ్యి. పెద్దాస్పత్రిల డాక్టరమ్మకు ఓపికియ్యి. టీచరమ్మ మీద నాకున్న కోపం తీసెయ్యి అయ్యా, అది నాతోని అయితలేదు."

కరుణ గొంతు. అన్యభాష కాదు, చిక్కడపల్లి తెలుగే. గడియారం ప్రకారం పద్నాలుగు నిమిషాలు నిలబడి విన్నాను. ఒక్క అక్షరం తడబడలేదు. నలుగురూ కలిసి చదివేటప్పుడు, పాడేటప్పుడు, తన గొంతు తనకే వినపడని హోరులో నత్తి పోవడం మామూలేనని తర్వాత ఒక డాక్టరు చెప్పాడు. ఆ రోజు నాకది తెలియదు. నాకు తెలిసిందల్లా, మూడేళ్ళుగా ఆ పిల్లను నిశ్శబ్దంలో ఒంటరిగా నిలబెట్టింది నేనేనని.

ప్రార్థన ఆగింది. కరుణ నన్ను చూసింది. మళ్ళీ తడబాటు వచ్చేసింది. "టీ... టీ... టీచరమ్మా, వం... వందనాలు."

శాంతమ్మగారు కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. "పిల్లను తీసుకుపోవడానికొచ్చారాండీ?"

"అందుకే వచ్చిన. ఇప్పుడు ఏం జెప్పాల్నో తెలుస్తలేదు."

"మీ దగ్గర ఒకళ్ళు మాట్లాడితే వందమంది వింటారు అక్కయ్యగారూ. మా దగ్గర వందమంది మాట్లాడితే ఒక్కడే వింటాడు. ఈ పిల్లకు ఆ ఒక్కడు చాల్లెండి."

నాకు కోపం రావాలి. రాలేదు. "మరి బాప్తిస్మం ఎప్పుడిస్తరు? వాళ్ళమ్మకు టైం లేదు," అన్నాను.

పాస్టరుగారు మధ్యలో వచ్చారు. "అదే పరేషాన్ అమ్మా. మాకు తొట్టి లేదు. ఏడాదికోసారి బస్సు మాట్లాడుకొని కృష్ణకు పోతం. పోయినేడు నీళ్ళే లేవు. ట్యాంక్ బండ్ దగ్గరుంది గానీ, అండ్ల ముంచితే పాపం పోతదేమో, గజ్జి మాత్రం వస్తది."

మా తొట్టి వాళ్ళకు ఇప్పించాలని ఆ రోజు మెట్లు దిగుతూ నిర్ణయించుకున్నాను. కానీ అయ్యగారిని, పెద్దలను ఒప్పించడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ ఎస్తేరమ్మ డయాలిసిస్‌కు వెళ్ళి వస్తూనే ఉంది.

డీకన్ ప్రకాశంగారు గట్టిగా అడ్డుపడ్డారు. మంచి మనిషి, సిమెంటు తొట్టికి తర్వాత టైల్సు తన చేత్తో అతికించినవాడు. "మన తొట్టిల వాళ్ళు గంతులేస్తరమ్మా. టైల్సు వలుగుతయి. ఎవరన్న జారిపడితే జిమ్మేదారి ఎవరిది?"

"నాది. ఇరవై ఏడేళ్ళల్ల నా తొట్టిల ఎవరన్న జారిన్రా?"

"లేదు."

"మరి?"

అయ్యగారు నవ్వి, "తాళం టీచరమ్మకు ఇయ్యండి ప్రకాశంగారూ," అన్నారు.

ఈస్టరు ముందు శనివారం

2014లో ఈస్టరుకు ముందు శనివారం, ఉదయం ఆరు నుంచి ఏడు వరకు, వాళ్ళ బాప్తిస్మానికి మా తొట్టి. ఎనిమిది మంది, అందులో ఆరుగురు స్త్రీలు. గౌన్లు ఇస్తానంటే శాంతమ్మగారు, "మాకు చీరేనండీ," అంది. తేలుతుందంటే, "తేలితే పట్టుకుంటాం," అంది. నేను ఒప్పుకోలేదు. చివరికి కరుణే తేల్చింది. మా పాత గౌన్లలోంచి సీసపు గుళ్ళు విప్పి, ఆరు తెల్ల చీరల అంచుకూ వరసగా కుట్టింది. చీరకు పద్దెనిమిది. అంత సన్నటి కుట్టు నేను అంతకు ముందు చూడలేదు.

కరుణ నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. శుక్రవారం సాయంత్రమే నాలుగంగుళాల నీళ్ళు వదిలించాను, ఐదు వందల పది లీటర్లు. ప్రకాశంగారు మోటారు దగ్గర నిలబడి, "ఒక్క పిల్ల కోసం ఇన్ని నీళ్ళా?" అని గొణిగారు. గొణుగుతూనే పైపు తిప్పి గన్నేరు మొక్కలకు పెట్టారు.

ఎస్తేరమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. కరుణ మెట్లు దిగింది. నేను ఒక చెయ్యి, శాంతమ్మగారు ఒక చెయ్యి పట్టుకున్నాం. పాస్టరుగారు అడిగారు, "యేసు ప్రభువును నీ సొంత రక్షకుడిగా నమ్ముతున్నావా?" వాళ్ళ ఆచారం ప్రకారం గట్టు మీదివాళ్ళందరూ ఆమెతో కలిసి జవాబిచ్చారు. ఎప్పుడు గొంతు కలిపానో నాకు తెలియదు. మా అందరి మధ్యా కరుణ గొంతు వినిపించింది. "నమ్ముతున్నాను." నిండుగా, ఒక్క ఊపిరిలో.

మునిగి లేచింది. అంచు తేలలేదు. వాళ్ళు చప్పట్లు కొట్టారు, కేకలు వేశారు, ఏడ్చారు. గంతులు కూడా వేశారు. టైల్సు పగలలేదు. నేను తువాలు కప్పుతుంటే కరుణ ఏదో చెప్పబోయింది. "టీ... టీ..." నేను ఆగాను. ఇదివరకైతే నేనే మాట అందించేదాన్ని. ఈసారి ఊరికే నిలబడ్డాను. నిమిషం దాటింది. "...టీచరమ్మా, నీ... నీళ్ళు సల్లగున్నయి." ఇద్దరం నవ్వాం.

మే నెల మొదటి ఆదివారం ఆమె మా మందిరానికొచ్చి తల్లి పక్కన కూర్చుంది. రొట్టె పళ్ళెం పట్టుకున్నది ప్రకాశంగారే. కరుణ దగ్గరికొచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది. ఆ పిల్ల మా సభ్యురాలు కాదు. నేను వెనక బెంచీ నుంచి ముందుకు వంగి, మెల్లగా, "నమ్మి మునిగిన మనిషి, ప్రకాశంగారూ. మన నీళ్ళే. నేనే కొలిచిన," అన్నాను. ఆయన పళ్ళెం ముందుకు చాపారు. తల్లి ఒక ముక్క తీసుకుంది, కూతురు ఒక ముక్క తీసుకుంది. ఎస్తేరమ్మ తినకుండా కాసేపు అరచేతిలోనే పెట్టుకుంది.

కొత్తగా చేరేవాళ్ళకు

మరుసటి ఏడు సంఘ కూటంలో లేచి, కాగితాలు వద్దని నేను చేయించిన తీర్మానాన్ని నేనే రద్దు చేయమని అడిగాను. ఇప్పుడు మా దగ్గర తరగతి అంతా కలిసి నిలబడి విశ్వాసం ఒప్పుకుంటారు. ఆ తర్వాత ఎవరి సాక్ష్యం వాళ్ళు ఎలా చెప్పగలిగితే అలా చెబుతారు, మాటతో, రాతతో, సైగతో. ఆ రోజు కూటంలో అరవై ఒక్క చేతులు లేచాయి, పంతొమ్మిది లేవలేదు. నేను దిగిపోయేలోగా అలా మాట తడబడేవాళ్ళు ముగ్గురు, పుట్టు మూగ అమ్మాయి ఒకతె మా నీళ్ళలోకి దిగారు. అశోక్‌నగర్ వాళ్ళు ఇప్పటికీ ఏటా మా తొట్టిలోనే ముంచుతారు. ఈ రెండూ నా పనులే. ఎవరు కాదన్నా ఒప్పుకోను.

మీరు చేరాక నియమాలు నేర్చుకోండి, గట్టిగా పట్టుకోండి. నేను మెత్తబడమని చెప్పడం లేదు. పాచి వెతికినట్టు మీ నియమం ఎవరి కాళ్ళ కింద జారుతోందో దిగి చూడండి. అవతలి సంఘం గుమ్మంలో ఏడాదికి ఒక్కసారైనా పద్నాలుగు నిమిషాలు నిలబడండి. నేను బాప్టిస్టుగానే పుట్టాను, బాప్టిస్టుగానే పోతాను. మందిరంలో నిశ్శబ్దం నాకిప్పటికీ ఇష్టం. కానీ ఆ నిశ్శబ్దం అందరికీ ఒకటే బరువు కాదని తెలుసు.

కరుణ తిరిగి మా సంఘంలో చేరలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు అశోక్‌నగర్‌లో స్త్రీల ఉపవాస ప్రార్థనలు ఆమే నడుపుతోంది. ఎస్తేరమ్మ 2014 సెప్టెంబరు బల్ల తీసుకుని, పదకొండో రోజున పోయింది. స్నానం చేయించి, చీర కట్టింది నేనే. సమాధి దగ్గర మా అయ్యగారు, వాళ్ళ పాస్టరుగారు ఇద్దరూ ప్రార్థించారు. మొదట ఒక్కరు, తర్వాత అందరూ.

నావల్ల పోయినవి ఇవి. ఈస్టర్లు మూడు. 2011 మే నుంచి 2014 ఏప్రిల్ వరకు, తల్లీ కూతుళ్ళు కలిసి రొట్టె తీసుకోవాల్సిన మొదటి ఆదివారాలు ముప్పై ఆరు. ఆ తర్వాత వాళ్ళకు దక్కినవి అయిదు. సంఘానికి సభ్యురాలు ఒకరు. రెండు వైపులా రాసి, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి. తర్వాత అడిగితే కరుణ వెతికింది. దొరకలేదు.